తట్ట దించిన చోటే తాజా చేప

వేసవి సెలవలు వచ్చాయంటే చాలు, పిల్లలు సముద్రం అంటారు, మగవాళ్ళు చేపలంటారు. మధ్యలో సంచులు సర్దేది మనం. అంతర్వేదో, ఓడలరేవో, ఉప్పాడో, పేరుపాలెమో, ఎక్కడికి వెళ్ళినా ఇసకలో నాలుగడుగులు వేసేసరికి అందరికీ ఆకలి పుట్టుకొస్తుంది. "ఇక్కడ చేపలు తాజాగా వుంటాయి కదూ!" అని ఎవరో ఒకరు అననే అంటారు. తీరా హోటల్లో కూర్చుంటే విస్తట్లోకి వచ్చేది చాలాసార్లు బొచ్చె ముక్క. పాపం, బొచ్చె సముద్రం మొహం ఎరగదు. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల్లో పెరిగి, ఐసు మీద పడుకుని, లారీలో ప్రయాణం చేసి వచ్చింది. పక్కన రొయ్యల వేపుడు ఘుమఘుమలాడుతూంటుంది. అదీ చెరువుదే!

సముద్రానికి ఎదురుగా కూర్చుని చెరువును తిని లేవడం మనకు ఎలా అలవాటయిందో తెలియాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి. కంగారుపడకండి, ఇందులో యుద్ధాలూ పట్టాభిషేకాలూ వుండవు. ఒక డాక్టరు, ఒక ఇంజనీరు, ఒక ఓడల ఆసామి, తట్ట నెత్తిన పెట్టుకుని నడిచిన లెక్కలేనంతమంది ఆడవాళ్ళు. అంతే.

ముందు డాక్టరుగారి సంగతి. ఆయన పేరు పేట్రిక్ రస్సెల్. రక్తపింజరి పాముకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్నది ఈయన పేరే. 1780లలో విశాఖపట్నంలో వుండి, ఒడ్డుకు వచ్చిన చేపలనల్లా బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి, రెండువందల చేపలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చువేయించాడు. విశేషమేమిటంటే, చాలా చేపలకు మనవాళ్ళు పిలిచే పేర్లనే విన్నవి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నల్ల చందువ, తెల్ల చందువ, నల్ల జెల్ల, పండుమీను, పలస... ఆయన స్పెల్లింగులు చూస్తే నవ్వొస్తుంది గానీ, పైకి చదివితే మన చేపల బజారు వినిపిస్తుంది. ఆ పేర్లు ఏ పండితుడూ నిఘంటువు చూసి చెప్పినవి కావు. ఒడ్డున వల దులిపేవాళ్ళ నోటి మాటలు.

ఆ పలసే మన పులస. రస్సెల్ పుస్తకం చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1829లో దానికి 'క్లూపియా పలసా' అని లాటిన్ పేరు పెట్టాడు. తెలుగు మాట శాస్త్ర గ్రంథాలకెక్కిందని సంబరపడేలోపే ఒక చిక్కు వచ్చిపడింది. అంతకు ఏడేళ్ళ ముందే, 1822లో, గంగానది చేపల మీద పుస్తకం రాసిన హామిల్టన్ అదే చేపకు బెంగాలీ పేరుతో 'ఇలిషా' అని నామకరణం చేసేశాడు. ముందు పెట్టిన పేరే నిలబడాలని శాస్త్రంలో రూలు. ఏడేళ్ళ తేడాతో మన పలస ఓడిపోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పేరులో బెంగాలీవాళ్ళు గెలిస్తే గెలిచారు, పులుసులో మాత్రం మనమే!

ఈ చేప సముద్రంలో వున్నంతకాలం ఇలస. ఆషాఢ శ్రావణాల్లో గోదారికి ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఎదురీదిన కొద్దీ ఒంట్లో వున్న ఉప్పూ, సముద్రపు వాసనా తగ్గి, గోదారి నీళ్ళ రుచి పడుతుంది. అప్పుడే దాన్ని పులస అంటారు. ఒకే చేప, పుట్టింట్లో ఒక పేరు, వచ్చిన చోట ఇంకో పేరు! మన ఆడపిల్లల కథే కదూ?

ఇప్పుడు ఇంజనీరుగారు వస్తారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852కి పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భాగాలుగా గోదారికి అడ్డంగా గోడ లేచింది. కరువుతో మాడిన డెల్టా పచ్చబడింది. ఈనాటికీ గోదావరి జిల్లాల్లో ఆయనకు విగ్రహాలు కట్టి దండం పెడుతున్నారంటే ఊరికే కాదు. మనం తినే అన్నం ఆ గోడ పుణ్యమే. కానీ ఏటికి ఎదురీదుతూ వచ్చే పులసకు ఆ గోడ సంగతి ఎవరు చెప్పారు? ఎన్ని తరాలుగానో పైకి పోయిన దారి ధవళేశ్వరం దగ్గర మూసుకుపోయింది. చేపల శాస్త్రంలో ఘనుడైన ఫ్రాన్సిస్ డే అనే మరో డాక్టరు 1873లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, మద్రాసు రాజధాని నదుల మీది ఆనకట్టలు ఈ చేప రాకపోకలకు అడ్డమవుతున్నాయని రాశాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982కి కొత్త బ్యారేజీ వచ్చింది. పులస ఇప్పటికీ అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది.

దారి మూసుకుపోవడమే కాక, నదీముఖాల్లో ఇసక మేటలూ, సన్నకన్ను వలలూ తోడయ్యాయి. పులస ఏటేటా తగ్గిపోయింది, ధర ఏటేటా ఎక్కిపోయింది. ఈ మధ్య సంవత్సరాల్లో యానాం రేవులో రెండు కిలోల చేప ఒక్కటి ఇరవై వేలు పలికిందని పేపర్లలో చదివాం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత వుండనే వుంది. అమ్మేది ఎవరి మెళ్ళో పుస్తెలో, తినేది ముందుగా ఎవరి కంచమో ఆ సామెత కట్టినవాడు చెప్పలేదు! పోనీ, అంతా పోసి కొన్నదైనా పులసేనా అంటే అదీ అనుమానమే. ఒరిస్సా నుంచీ, బెంగాల్ నుంచీ ఐసులో వచ్చిన ఇలసలు గోదారి ఒడ్డున పులస పేరు పెట్టుకుని కూర్చుంటాయి.

ఐసు అన్నాను కదా, అసలు కథంతా అక్కడే వుంది. ఐసు రాకముందు తాజా చేప అంటే ఎంత దూరమో తెలుసా? తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి పొద్దెక్కేలోగా నడవగలిగినంత దూరం. మగవాళ్ళు వల లాగి ఒడ్డున పడేస్తే, అక్కణ్ణించి అమ్మకం ఆడవాళ్ళది. తెల్లవారుజామున బయలుదేరి, గట్ల మీదుగా, కాలవ ఒడ్ల వెంబడి పరుగులాంటి నడకతో లోపలి వూళ్ళకు చేరేవారు. ఆ నడక ఆగినచోట తాజా చేప సరిహద్దు. అవతల వూళ్ళకు ఎండు చేపే గతి. సావడాయలూ, మెత్తళ్ళూ, ఎండు రొయ్యలూ సంతలకెళ్ళి, బస్తాల్లో మన్యందాకా పోయేవి.

ఆ ఎండబెట్టడానికి ఉప్పు కావాలి. సముద్రం పక్కనే వున్నా ఉప్పు మీద పన్ను కట్టాల్సిన రోజులవి. పన్ను కట్టలేక చాలినంత ఉప్పు పట్టించకపోతే సరుకు పాడయ్యేది. పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్ళలో మద్రాసు ప్రభుత్వం చేపల ఉప్పు యార్డులు పెట్టి, వాటి లోపల పట్టించే ఉప్పుకు పన్ను మినహాయించింది. అదే మద్రాసులో దొరలు మంచినీళ్ళలోకీ సారాలోకీ వేసుకోవడానికి అమెరికా నుంచి ఓడల్లో ఐసుగడ్డలు తెప్పించుకుని, 1842లో వాటికోసం సముద్రం ఒడ్డున మేడే కట్టారు! దొరల గ్లాసులోకి సప్తసముద్రాలు దాటి వచ్చిన ఐసు, మన చేపల తట్టలోకి రావడానికి వందేళ్ళ పైన పట్టింది.

వచ్చాక ఏమయింది? మరపడవలూ, నైలాను వలలూ, ఐసు ఫ్యాక్టరీలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చేప ఎంత దూరమైనా ప్రయాణం చెయ్యగలిగింది. చెయ్యగలిగింది కనక చేసేసింది. మేలురకం చందువా, వంజరం, పెద్ద రొయ్య రేవులోనే పెట్టెల్లో కూర్చుని ఎక్కడెక్కడికో వెళ్ళిపోవడం మొదలయింది. ఒడ్డున వున్నవాళ్ళకు మిగిలినది మిగిలింది. తట్ట మోసే ఆవిడ కూడా రేవులో పాటకు నిలబడి, పెద్ద వ్యాపారితో పోటీపడి కొనుక్కోవలసి వచ్చింది.

రొయ్య కథ ఇంకా విచిత్రం. 1990లలో టైగర్ రొయ్య అంటే బంగారం. కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల వరిచేలు తవ్వి ఉప్పునీటి చెరువులు చేశారు. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. నగలు తాకట్టు పెట్టి దిగినవాళ్ళ ఇళ్ళల్లో ఆ ఏడు ఎలా గడిచిందో మీలో కొందరికి నేను చెప్పనక్కర్లేదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తరవాత 2009 నుంచి పరాయిదేశపు వనామి వచ్చి చెరువులన్నీ నిండింది. సముద్రం పక్క హోటల్లో మనకు వడ్డించే రొయ్య ఆ బాపతే.

ఈ తీరంలో సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళ సంగతి తలుచుకుంటే అంతర్వేది గుడి గుర్తుకొస్తుంది. వశిష్ట గోదావరి సముద్రంలో కలిసేచోట ఇప్పుడున్న ఆలయాన్ని 1823 నాటికి పూర్తిచేయించినవాడు బెండమూర్లంకకు చెందిన కోపనాతి కృష్ణమ్మ అని స్థలచరిత్ర. అగ్నికుల క్షత్రియుడు, ఓడల ఆసామి. ఓడలు సముద్రంలో తప్పిపోతే స్వామికి మొక్కుకున్నాడనీ, అవి క్షేమంగా తిరిగి రాగానే గుడి కట్టించాడనీ చెపుతారు. భీష్మ ఏకాదశినాడు రథోత్సవానికి వచ్చే మనమంతా ఆ పూట చేప ముట్టం. కానీ మనం దండం పెట్టే గోపురం సముద్రం మీద బతికిన కులం వాడి మొక్కు.

అందరి ఓడలూ తిరిగి రాలేదు. 1839 నవంబరు తుఫానులో కోరంగి రేవు సర్వనాశనమైంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో ఈ జిల్లాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళల్లో వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళెందరో. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఒక్క రాత్రిలో ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒంటరివాళ్ళయ్యారో! చేప రేటు దగ్గర మనం బేరమాడే ఆ పది రూపాయల వెనక ఇంత వుంది.

సరే, ఇంత విన్నాక అసలు ప్రశ్నకు జవాబు చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. సముద్రానికి వెళితే తాజా చేప ఎలా?

మొదటిది, వేసవిలో వెళ్ళకండి! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. సరిగ్గా మన పిల్లల సెలవలే! అప్పుడు దొరికేది ఇంజను లేని చిన్న పడవలు తెచ్చే కాసిని చేపలూ, మిగతాదంతా ఐసుపెట్టెలోదీ. దసరా దాటాక, సంక్రాంతి లోగా వెళ్ళండి. రేవులకు ఉదయమే వెళ్ళాలి. కాకినాడ కుంభాభిషేకం రేవుకో, ఉప్పాడకో పెందలాడే వెళితే పడవ దించిన సరుకు కళ్ళతో చూడొచ్చు. ఉప్పాడ వెళ్ళినవాళ్ళు ఎలాగూ జాందానీ చీర చూడకుండా రారు. సముద్రం ఆ వూరిని ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతూంది, అది కూడా చూసి రండి.

చూపు సంగతి మీకు తెలియనిది కాదు. కన్ను మెరుస్తూ ఉబ్బెత్తుగా వుండాలి, గుంటపడకూడదు. మొప్ప ఎత్తితే ఎర్రగా వుండాలి. వేలితో నొక్కితే పడిన గుంట చప్పున పైకి లేవాలి. రొయ్య తల వేలాడకూడదు. పీత బతికుండాలి, చేతికి బరువు తగలాలి. వాసన సముద్రానిదై వుండాలి, చేపది కాకూడదు.

దసరా నుంచి కార్తీకం మధ్య తూర్పుగాలి తిరిగినప్పుడు యానాం వైపు వెళితే చీరమేను దొరుకుతుంది. గోదారి నీళ్ళమీద తెరలా తేలివచ్చే వెంట్రుకంత చేపపిల్లలు. వలకు చిక్కవు కనక చీరతో పట్టేవారు, అందుకే ఆ పేరు. గ్లాసులతో, సేర్లతో కొలిచి అమ్ముతారు. చింతకాయ వేసి వండితే ఆ రుచి వేరు. అయితే ఒక్క గ్లాసులో ఎన్ని రకాల చేపల భవిష్యత్తు వుందో అని శాస్త్రజ్ఞులు బెంగపెట్టుకున్నారు. రుచి చూడండి, రెండో గ్లాసు వద్దనండి.

అన్నిటికన్నా మంచి దారి ఇంకోటి వుంది. హోటలు బల్లముందు కూర్చోకుండా, తట్ట మోసుకొచ్చే ఆవిణ్ణి పిలవండి. "ఏమ్మా, ఈవేళ ఏం పడింది?" అని అడగండి. చందువా అడిగితే చందువా లేకపోవచ్చు. "మాగ తీసుకోండమ్మా, పొద్దున్న పడింది" అంటుంది. బాలింత ఇంట్లో వుందంటే పాలసొర తెచ్చిపెడతానంటుంది. ఏ చేపకు చింతపండు, ఏ చేపకు మామిడికాయ, పులస పులుసులో బెండకాయ ఎప్పుడు వెయ్యాలి, ఎందుకు మర్నాటిదాకా ఆగాలి, అన్నీ ఆవిడకే తెలుసు. రస్సెల్ దొర రెండు సంపుటాల్లో రాసినది ఆవిడ తట్ట దించి, పైన కప్పిన తాటాకు తీస్తూ చెప్పేస్తుంది.

ఆవిడ కూతురు ఆ తట్ట ఎత్తుకోదు. చదువుకుంటోంది, ఎత్తుకోవాలని కోరే హక్కు మనకు లేదు. ఆవిడ వస్తున్నన్నాళ్ళు మాత్రం బేరం కాస్త తగ్గించుకుని, నాలుగు చేపల పేర్లు ఎక్కువ నేర్చుకుందాం. మన పిల్లలకు చెప్పడానికైనా పనికొస్తాయి.