జముకు తీగ, వంతమాట: ఉద్దానం జముకులకథలో ఆశుకల్పన

ఉత్తరాంధ్ర జముకులకథను గ్రామదేవతల కథల దశ, 1960ల నాటి ఉద్యమకథల దశ అని వస్తువును బట్టి విభజించడం సులభం. కాని ఆ రెండు దశలకూ ఆధారమైన వాద్యాన్ని విస్మరిస్తే ప్రక్రియాస్వభావం బోధపడదు.

జముకు ఒక గుల్లవాద్యం. దాని ఒక ముఖానికి చర్మం మూసి, ఆ చర్మం మధ్యనుండి తీగను బయటికి తీస్తారు. వాద్యకారుడు గుల్లను చంకలో ఇరికించుకొని, తీగ కొసను ఒక చేత లాగిపట్టి రెండవ చేత మీటుతాడు. బిగువు పెరిగిన కొద్దీ నాదం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. వీణకువలె మెట్లు లేవు. స్వరస్థానాన్ని ఎప్పటికప్పుడు చేతితోనే వెతుక్కోవాలి. బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్ కూడా ఈ కుటుంబంలోనిదే. కథకుడు ఒక మాటను సాగదీస్తే తీగ దానిని అనుసరించగలదు, వంతవాడు హాస్యంతో అడ్డుపడితే దానికీ బదులు పలకగలదు. ఆశుకల్పనకు అవకాశం వాద్యనిర్మాణంలోనే ఉన్నదన్నమాట.

ఇక రంగస్థలం సంగతి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో జీడి, కొబ్బరి తోటల నడుమ ఉన్న ఊళ్ళలో కథకు ఆరుబయలే చాలు. అక్కడ నాదాన్ని తిరిగి అందించే గోడలుండవు. వంత పునరుక్తిని కేవలం అలంకారంగా లెక్కించడం అందుచేత సరికాదు. గాలికి చెదిరే మాటను మరొక గొంతు మళ్ళీ నిలబెడుతుంది.

బొడ్డపాడులో ఆలయ పూజారిగా ఉండిన సుబ్బారావు పాణిగ్రాహి ఒడియా కుటుంబంలో పుట్టినా తెలుగులో రచించి, ఈ రూపాన్ని రైతాంగ ఉద్యమానికి వినియోగించారు. 1969 డిసెంబరు 22న ఆయన పోలీసుల చేతిలో మరణించారు. ఆయన రచనలు అచ్చులో నిలిచాయి. అచ్చుపుట మీద పదాలున్నాయి, తీగ జారుళ్ళు లేవు. ఆ రాత్రి శ్రోతలను చూసి వంతవారు కలిపిన మాటలూ లేవు. మిగిలిన సగాన్ని మాత్రమే చదివి అది నినాదప్రాయమని తీర్పు చెప్పడం తొందరపాటు. పద్యకావ్యానికి పాఠాంతరాలను చూపే పరిష్కర్త, జముకులకథకు వంత ప్రవేశించే తావులను, రాగం మారే చోట్లను గుర్తించి చూపవలసి ఉంటుంది. ఆ గుర్తులు నేటి కళాకారుల చేతులను చూసి రాసుకోవలసినవే.