నెత్తి మీద పడవ

నెదర్లాండ్స్‌లోని హూఫ్డోర్ప్ ఊరి చివరికి సైకిలు మీద వెళితే పచ్చిక బీళ్లు, ఆవులు, వాటి వెనక గడ్డి మొలిచిన పొడుగాటి గట్టు కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం ఆ గట్టు మీదుగా తెల్లటి తెరచాప ఒకటి నింపాదిగా పోతూ కనబడింది. కింద ఆవులు మేస్తున్నాయి, పైన పడవ పోతోంది. కోనసీమలో పుట్టినవాణ్ణి, పడవలు నాకు కొత్త కాదు. మా కాలువలూ చేలకన్నా కాస్త మెరకనే పారతాయి. కానీ రెండు నిలువుల ఎత్తున పోయే పడవను మెడ పైకెత్తి చూడడం అదే మొదలు. కుక్కను తిప్పుతున్న ఓ పెద్దాయన్ని ఆపి, కాలువను అంత ఎత్తున ఎందుకు కట్టారని అడిగాను. "కాలువ ఉండాల్సిన చోటే ఉంది. మనమే చెరువు అడుగున ఉన్నాం" అని చెప్పి, కుక్క వెంట ఆయన వెళ్లిపోయారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. నేను కాపురం ఉంటున్న చోటు నూట డెబ్బై ఐదేళ్ల కిందట నీళ్ల అడుగున ఉంది. హార్లెమ్మర్‌మేర్ అని దాని పేరు, పద్దెనిమిది వేల హెక్టార్ల సరస్సు. 1573లో స్పెయిన్ ఓడలకూ డచ్చి తిరుగుబాటుదార్లకూ దీని మీద పెద్ద యుద్ధమే జరిగింది. తమాషా ఏమిటంటే, ఈ సరస్సు ఇంత కావడానికి సగం కారణం మనుషులే. ఎండబెడితే మండే పీట్ మట్టిని పొయ్యిల కోసం తరతరాలుగా తవ్వుకుపోయారు. గోతుల్లోకి నీరు చేరింది. గాలివాన వచ్చినప్పుడల్లా ఒడ్డు ఇంత చొప్పున తెగిపోయి, ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 1836లో రెండు తుపానులు వచ్చి, ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ వైపు, ఇంకోసారి లైడెన్ వైపు నీటిని తరిమాయి. అప్పుడు గానీ ప్రభుత్వం కదల్లేదు.

అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 1641లో, లేఖ్‌వాటర్ అనే ఆయన నూట అరవై గాలిమరలు పెట్టి ఈ సరస్సును తోడేద్దామని పుస్తకం రాశాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. చివరికి చుట్టూ అరవై కిలోమీటర్ల కాలువ తవ్వి, మూడు ఆవిరి యంత్రాలు పెట్టి మూడేళ్లకు పైగా తోడారు. ఆ యంత్రాలకు రాజుల పేర్లు పెట్టలేదు. ఈ పని చేయొచ్చని ముందే చెప్పి, చూడకుండానే పోయిన లేఖ్‌వాటర్, క్రూక్వియస్, లైండెన్ అనే ముగ్గురి పేర్లు పెట్టారు. క్రూక్వియస్ యంత్రం ఇప్పుడు మ్యూజియంలో ఉంది. దాని సిలిండరు వ్యాసం మూడున్నర మీటర్ల పైమాటే.

సరస్సు ఎండింది 1852లో. ఆ ఏడాది పేరు వినగానే మా గోదావరి జిల్లాల వాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిందీ 1852లోనే. ఒకే ఏడు, అక్కడ పారిపోతున్న నీటిని ఆపి పొలాలకు పెట్టారు, ఇక్కడ తిష్ఠ వేసిన నీటిని వెళ్లగొట్టి పొలాలు చేశారు. ఇంజనీర్లు ఒకరినొకరు ఎరుగుదురో లేదో గానీ, మా అమ్మమ్మ గారి వరిచేనూ, ఇప్పుడు నా కిటికీలోంచి కనబడే బంగాళాదుంపల చేనూ ఒక ఈడువే అనిపించి ఎందుకో సంతోషం వేస్తుంది.

మన పిల్లలు దిగే స్కిపోల్ విమానాశ్రయం కూడా ఈ సరస్సు అడుగే. 1916లో సైన్యం విమానాల కోసం బురద నేలలో మొదలైంది. రన్‌వే సముద్ర మట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఆ సంగతి దిగాక చెబుతుంటాను, ముందే చెబితే కంగారు పడతారని.

నీరు పల్లమెరుగునని మన సామెత. ఇక్కడ నీటికి మిట్ట ఎక్కడం నేర్పారు. నేర్పడం ఒకసారి అయ్యేది కాదు. వాన కురిసిన ప్రతిసారీ, మురుగు కాలువలో చేరిన నీటిని పైకి తోడి పోయాల్సిందే. ఆ పని చూసే నీటి మండళ్లు ఈ దేశానికన్నా పాతవి, పదమూడో శతాబ్దం నుంచీ ఉన్నాయి. వేల ఏళ్ల నాటి గొప్పలు మనకు కొత్త కాదు గానీ, అప్పటి కమిటీ ఇప్పటికీ పనిచేస్తుండడం కొత్త. ఇప్పుడు ఇరవై ఒక్క మండళ్లు. విడిగా పన్ను, విడిగా ఎన్నికలు. పౌరసత్వం లేని మాబోటి వాళ్లకూ ఓటుంది. పూర్వం గట్టులో తన వాటా బాగుచేసుకోలేని రైతు అందులో పార గుచ్చి ఊరు విడిచి పోవాలట. ఆ పార పీకినవాడికి పొలమూ, గట్టు బాధ్యతా రెండూ దక్కేవి. కఠినమైన న్యాయమే. ఒక్కడి వాటాలో గండి పడితే ఊరంతా మునుగుతుంది మరి.

గట్టుకు చిల్లి పడితే రాత్రంతా వేలు అడ్డం పెట్టిన డచ్చి కుర్రాడి కథ మనలో చాలామంది ఇంగ్లీషు వాచకంలో చదివాం. దాన్ని జగమంతా చాటింది ఈ దేశాన్ని అప్పటికి చూడని అమెరికా రచయిత్రి, మేరీ మేప్స్ డాజ్, 1865లో. పర్యాటకులు అడుగుతున్నారని స్పార్న్‌డామ్‌లో వాడికో విగ్రహం కూడా పెట్టారు. అసలు వీరుడి కథ వేరే. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన వచ్చినప్పుడు, నియూవెర్‌కెర్క్ దగ్గర నదిగట్టుకు గండి పడింది. దాని వెనకాల లక్షలాది మంది నిద్రపోతున్న పల్లపు నేల. ఆరీ ఎవెఖ్రూన్ అనే సరంగు, మేయర్ అడిగితే, తన సరుకు పడవను తెచ్చి ఆ గండికి అడ్డంగా నిలిపాడు. నీటి ఒరవడే పడవను గట్టుకు అదిమిపెట్టింది. పడవ లోపలికి కొట్టుకుపోతే తిరిగి రావడానికి వెనక చిన్న తెడ్ల పడవ కట్టుకుని మరీ వెళ్లాడు. ధైర్యం సంగతి సరే, ఆ ముందుచూపు నాకు మరీ నచ్చింది.

ఆ ఉప్పెనకు ఈ దేశంలో మిగతా చోట్ల 1,836 మంది పోయారు. గట్లు చాలవని వాన్ వేన్ అనే ఇంజనీరు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. వినలేదు. ఇది రాస్తుంటే దివిసీమ గుర్తొస్తోంది. 1977 నవంబరు ఉప్పెన గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. గోదావరి పొంగి, ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేశారని రేడియోలో రాగానే మా ఊరి మగాళ్లు లాంతర్లు, ఇసుక బస్తాలతో గట్టు కాపలాకు పోయేవాళ్లు. తెల్లారి వచ్చి అమ్మ ఇచ్చిన కాఫీ తాగి పడుకునేవాళ్లు. ఇక్కడి వాన చప్పుడు వింటూ ఎన్నోసార్లు ఆ కాఫీ వాసన తలుచుకున్నాను.

అంతా మెచ్చుకోలే కాదు. ఇన్ని ఇంజన్లకూ గట్లకూ పెట్టిన సొమ్ములో మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లు పట్టుకొచ్చిన కలంకారీ గుడ్డల లాభం ఎంతుందో అన్న గుబులు నన్ను వదలదు. హిండెలోపెన్ ఊరి ఆడవాళ్ల పాత పండుగ దుస్తుల్లో మన తీరపు పూలగుడ్డ కనబడుతుంది. పైగా పీట్ నేలను ఆరబెట్టే కొద్దీ అది కుంగుతుంది, కుంగితే ఇంకా లోతుకు తోడాలి. ఈ పందెంలో నేల ఎప్పుడూ ఓడుతూనే ఉంటుంది.

అయినా ఇక్కడివాళ్లెవరూ గట్టు మీద పోయే పడవను ఆగి చూడరు. పన్ను కడుతున్నారు, మరెవరో పంపు తిప్పుతున్నారు, అంతే. 1953 తర్వాత మొదలెట్టిన కట్టడాల్లో ఒకటి, రాటర్‌డామ్ దగ్గరి సముద్రపు తలుపు, 1997లో పూర్తయింది. అదే ఏడాది మన దగ్గర చట్టం చేసి, నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఈసారి మీ ఊళ్లో ఆ సంఘం సమావేశం ఉందని దండోరా వేస్తే, మనకెందుకులే అనుకోకుండా వెళ్లి కూర్చోండి. మురుగు కాలువలో గుర్రపుడెక్క ఎప్పుడు తీయిస్తారో అడగండి.