నిర్మాత ముద్ర: వెండితెర మొదట్లోంచి బుల్లితెర చివరికి

టెలివిజన్‌లో ఒక హాస్య ధారావాహిక భాగం ముగిసి, నటీనటుల పేర్లూ సాంకేతిక నిపుణుల పేర్లూ పైకి జరిగిపోయాక, ప్రకటన మొదలయ్యే లోపు రెండు మూడు సెకన్లపాటు నిలిచే నిర్మాణ సంస్థ బొమ్మను ముగింపు లోగో అంటారు. సిట్‌కామ్ అంటే ఒకే ఇల్లు, ఒకే హోటలు, ఒకే ఆఫీసు వంటి స్థిరమైన చోట, మారని పాత్రల మధ్య వారం వారం కొత్త చిక్కు పుట్టించి నవ్వించే ధారావాహిక. అది అమెరికాలో స్థిరపడిన ప్రక్రియ కావడంవల్ల ముగింపు లోగోల కథ కూడా ఎక్కువగా అక్కడిదే. తెలుగు నేల మీద మాత్రం నిర్మాత ముద్ర సినిమా ఆరంభంలో పుట్టి, టెలివిజన్ వచ్చాక చివరికి జరిగింది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న కోనసీమకు స్టూడియోలు లేవు. మద్రాసులోనో హైదరాబాదులోనో తయారైన బొమ్మ పెట్టెలో వచ్చినా తీగ వెంట వచ్చినా చూసే ప్రాంతమది. ప్రేక్షకుడి వాకిట్లో ఎవరు ముందు నిలబడ్డారో, ఎవరు వెనక్కి తగ్గారో అలాంటి చోటి నుంచి చూస్తేనే తేటగా తెలుస్తుంది.

అమెరికాలో 1969లో నటి మేరీ టైలర్ మూర్, ఆమె భర్త గ్రాంట్ టింకర్ కలిసి ఎం.టి.ఎం. ఎంటర్‌ప్రైజెస్ సంస్థను నెలకొల్పారు. హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. వారి గర్జించే సింహానికి ఎగతాళిగా వీరు ఒక పిల్లికూనను వలయంలో కూర్చోబెట్టి 'మ్యావ్' అనిపించారు. మిమ్సీ అనే పేరున్న ఆ పిల్లి ఒక్కో ధారావాహిక చివర ఒక్కో వేషం కట్టేది. పోలీసుల కథ 'హిల్ స్ట్రీట్ బ్లూస్'కు టోపీ పెట్టుకునేది, ఆసుపత్రి కథ 'సెయింట్ ఎల్స్‌వేర్'కు శస్త్రచికిత్స ముసుగు తొడుక్కునేది. 1988లో ఆ ఆసుపత్రి కథ చివరి భాగం ముగిసినప్పుడు పిల్లిని పడుకోబెట్టి చూపి, పక్కన గుండె కొట్టుకునే గీత చదునుగా సాగిపోయినట్టు చేశారు. గ్యారీ డేవిడ్ గోల్డ్‌బర్గ్ తన 'ఫ్యామిలీ టైస్' చివర పెంపుడు కుక్క ఊబూ బొమ్మ నిలిపి, దాన్ని కూర్చోమని చెప్పే గొంతు వినిపించాడు. చక్ లోరీ 1997లో 'ధర్మ అండ్ గ్రెగ్' నుంచి మరో దారి పట్టాడు. ఒక్క సెకను మాత్రమే కనిపించే తెల్ల కార్డు మీద పేజీడు వ్యాసం రాసేవాడు; వీడియో క్యాసెట్ మీద రికార్డు చేసుకుని బొమ్మను ఆపినవారికి తప్ప అది చదవడం సాధ్యమయ్యేది కాదు. ఈ వేడుకలన్నిటి వెనక ఒక లోటుంది. ఆరంభం మీద ఛానెలుకూ, మధ్య మీద ప్రకటనదారుకూ హక్కున్న చోట నిర్మాతకు మిగిలింది తోక మాత్రమే. ఆ తోకలోనే అతడు తన చమత్కారమంతా చూపించాడు.

తెలుగు సినిమా నిర్మాతకు ఆ లోటు లేదు. టిక్కెట్టు కొనుక్కుని చీకట్లో కూర్చున్న ప్రేక్షకుడికి సెన్సారు పత్రం తర్వాత మొట్టమొదట కనిపించేది బ్యానరు లోగోయే. జెమిని స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్ బాకాలు ఊదే కవల పిల్లలను నిలిపాడు. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ 1950లో 'షావుకారు'తో మొదలై, రెపరెపలాడే జెండా మీద హనుమంతుణ్ణి చూపించింది. అర్జునుడి రథం మీది కపిధ్వజం తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు గనుక ఆ బొమ్మకు వివరణ అక్కర్లేకపోయింది. 1964లో 'రాముడు భీముడు'తో ఆరంభమైన సురేష్ ప్రొడక్షన్స్ లోగోలో డి. రామానాయుడి కొడుకులిద్దరూ చిన్నపిల్లలుగా ఎస్., పి. అక్షరాల మీద నిలబడి కనిపిస్తారు. అశ్వనీదత్ వైజయంతీ మూవీస్‌కు శ్రీకృష్ణ వేషంలో ఎన్.టి. రామారావు శంఖం పూరించే బొమ్మ గుర్తయింది. నాటకానికి నాంది, హరికథకు ప్రార్థన అలవాటైన సమాజంలో ఈ లోగోలకు పూజ స్వభావం రావడం సహజమే. వాటితోపాటు వినిపించే సంగీతం కూడా చాలావరకు శంఖ ధ్వనో మంగళ వాద్యమో అయ్యేది. నిర్మాత తరువాత విడుదల చేసే పంపిణీదారుకు కూడా చోటుండేది; విజయవాడకు చెందిన నవయుగ, పూర్ణా వంటి సంస్థల పేర్లు ఆ తరం ప్రేక్షకులకు నటుల పేర్లంత పరిచితం.

ఈ లోగోలు కోనసీమకు చేరేసరికి చాలా అలసిపోయి ఉండేవి. సినిమా వ్యాపారంలో 'ఈస్ట్' అని పిలిచే తూర్పు గోదావరి ఏరియాలో ప్రింట్లు ముందు రాజమండ్రి, కాకినాడ హాళ్లలో ఆడి, తర్వాత అమలాపురానికి, ఆ తర్వాత రాజోలు, కొత్తపేట వంటి ఊళ్లకు, చివరికి డేరా హాళ్లకు దిగేవి. రావులపాలెం మీదుగా వంతెన దారి ఉన్నా, కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి రేవుల్లో పంటు ఎక్కి గోదావరి దాటడమే చాలా ఊళ్లకు దగ్గర దారి. రేకు డబ్బాల్లో చుట్టలుగా ఉండే ఫిల్ముకు 'రీలు' అని పేరు. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు అడుగున్నర చొప్పున, అంటే ఇరవై నాలుగు బొమ్మల చొప్పున యంత్రంలో నడుస్తుంది కాబట్టి పది సెకన్ల లోగో పదిహేను అడుగుల ఫిల్ము మాత్రమే. ఆపరేటరు యంత్రంలోకి చొప్పించేది రీలు మొదలును, చేత్తో ఎక్కువగా తాకేది కూడా దాన్నే. అందువల్ల రీలులో అన్నిటికంటే ముందు గీతలు పడేదీ, తెగేదీ, కోసి అతికించేదీ ఆ భాగమే. తెగిన ప్రతిసారీ కొన్ని బొమ్మలు పోతాయి. కార్బను కడ్డీల వెలుగులో విజయా వారి జెండా కోనసీమ పల్లె తెర మీద వాన కురుస్తున్నట్టు కనిపించేది, ఒక్కోచోట సగంలో ఎగిరి మాయమయ్యేది. నిర్మాత తన గౌరవమంతా పెట్టుకున్న చోటే ప్రింటు ముందుగా చినిగిపోవడం ఆ వ్యాపారంలోని విచిత్రం. అయినా లోగోను లోపలి రీళ్లలోకి మార్చాలని ఎవరూ అనుకోలేదు.

రీలు చివరిది కూడా ఇదే బాధ. తెలుగు సినిమా చివర నిర్మాత లోగో ఉండేది కాదు; 'శుభం' అన్న ఒక్క మాట నిలిచేది. 1962 చైనా యుద్ధం తర్వాత కొన్నేళ్లపాటు హాళ్లలో ఆట అయ్యాక జాతీయగీతం వేసేవారు, జనం ఈలోపే తలుపుల వైపు నడిచేవారు. పదకర్తలు చివరి చరణంలో తమ ముద్ర ఉంచడం, శతక కవులు ప్రతి పద్యం చివర మకుటం నిలపడం తెలుగువారికి తెలియని పద్ధతి కాదు గాని, సినిమా ఆ సంప్రదాయాన్ని పాటించలేదు. బుల్లితెర ముగింపు లోగోను ఆ ముద్రకు కొనసాగింపు అని వర్ణించడం ఆకర్షణీయంగానే ఉంటుంది. దానికి ఆధారం మాత్రం లేదు. ఆ మార్పు డబ్బుల లెక్కల్లోంచి వచ్చింది.

ఆ లెక్కల్లోకి వెళ్లే ముందు కోనసీమ సొంత బ్యానరును తలచుకోవాలి. కొత్తపేటలో 1934లో పుట్టిన ఏడిద నాగేశ్వరరావు రంగస్థల నటుడిగా, చిన్న పాత్రధారిగా, డబ్బింగ్ కళాకారుడిగా పనిచేసి నిర్మాణంలోకి వచ్చాడు. ఆయన పూర్ణోదయా సంస్థ 1980లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 'శంకరాభరణం' విడుదల చేసింది. ఆ తర్వాత 'సీతాకోకచిలుక', 'సాగర సంగమం', 'స్వాతిముత్యం', 'స్వయంకృషి', 'ఆపద్బాంధవుడు' ఆ బ్యానరు కింద వచ్చాయి. పసలపూడి కథలు రాసిన వంశీ 'సితార' కూడా 1984లో దానిదే. తారల పేరుతో కాకుండా బ్యానరు పేరుతో ప్రేక్షకుణ్ణి హాలుకు రప్పించిన సంస్థలు తెలుగులో కొద్ది; విజయా తర్వాత ఆ గౌరవం పొందినవాటిలో పూర్ణోదయాను ముందుగా చెప్పాలి. తెర మీద పేరు పడగానే రాబోయేది ఎలాంటి సినిమానో ప్రేక్షకుడికి అందేది. ఏడిద 2015లో మరణించే నాటికి ఆ సినిమాలు హాళ్లను వదిలి చాలా కాలమైంది. ఛానెళ్లు హక్కులు కొని ప్రసారం చేస్తున్నప్పుడు ఆ పేరు మూలన ఛానెల్ గుర్తుతో కలిసి కనిపించసాగింది. హక్కులు చేతులు మారినా మొదటి రీలులోని పేరు చెరగదు కాబట్టి, యజమాని ఎవరైనా పెంచింది ఎవరన్నది అక్కడ నిలిచే ఉంటుంది.

దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. 1984లో దేశమంతటా తక్కువ శక్తి ప్రసారిణులు వరసగా నెలకొనడంతో టెలివిజన్ పట్టణాలను దాటింది. అదే ఏడు జులైలో 'హమ్ లోగ్'తో ప్రాయోజిత ధారావాహిక, అంటే ప్రకటనదారు డబ్బుతో నడిచే కార్యక్రమం, మొదలైంది. హిందీ సిట్‌కామ్ 'యే జో హై జిందగీ' కూడా ఆ సంవత్సరపుదే. ఈ పద్ధతిలో నిర్మాత గానీ అతడి తరఫు ప్రకటన సంస్థ గానీ దూరదర్శన్‌కు ప్రసార రుసుము చెల్లించి, బదులుగా కొన్ని సెకన్ల ప్రకటనల సమయాన్ని ఉచితంగా పొంది అమ్ముకునేవారు. కార్యక్రమానికి ముందు సమర్పకుల పేర్లు చదవాలి, వాటి ముందు ఛానెల్ సొంత గుర్తు రావాలి, తర్వాత టైటిల్ పాట. సమర్పకుడు ఆరంభానికే డబ్బిచ్చాడు గనుక నిర్మాత పేరు సహజంగానే చివరికి, పేర్ల వరస ముగిసే చోటికి వెళ్లింది. సినిమాలో ఇంటి యజమానిలా గుమ్మంలో నిలబడినవాడు టెలివిజన్‌లో వడ్డన ముగిశాక వచ్చి పలకరించే వంటవాడిలా మారాడు.

1995లో ఈటీవీ, జెమిని ఛానెళ్ల ప్రసారాలు ఆరంభమైనప్పుడు కోనసీమలో కేబుల్ ఆపరేటర్లు తీగలు లాగసాగారు. మరుసటి ఏడు నవంబరు 6న విరుచుకుపడ్డ తుపాను కొబ్బరి తోటలనూ కరెంటు స్తంభాలనూ నేలమట్టం చేయడంతో, ఇంకా పాదుకుంటున్న ఆ తీగలన్నీ మళ్లీ కొత్తగా వేయాల్సి వచ్చింది. ప్రేక్షకుడికీ నిర్మాతకూ మధ్య కేబుల్ ఆపరేటరు అనే మరో మనిషి చేరాడు. అతడు తెర అడుగున బట్టల కొట్టు, నగల దుకాణాల ప్రకటనలు జరిపేవాడు, చివరి పేర్ల మీదుగానే అవి సాగిపోయేవి. ఛానెలువారు కూడా ఆ పేర్లను మూలకు కుదించి, మిగిలిన తెరలో తర్వాతి కార్యక్రమం ప్రచారం వేయడం అలవాటు చేసుకున్నారు. ఇన్నిటి మధ్య నిర్మాత లోగో కంటబడడమే కష్టమైంది.

ఆ కాలంలోనే తెలుగులో అసలైన సిట్‌కామ్ వచ్చింది. గుణ్ణం గంగరాజు సంస్థ జస్ట్ యెల్లో నిర్మించిన 'అమృతం' 2001 నవంబరు 18న జెమినిలో మొదలై, ఆదివారం రాత్రుల మీదుగా 2007 నవంబరు 18 వరకు మూడు వందల పైచిలుకు భాగాలు నడిచింది. హోటలు, ఇద్దరు మిత్రులు, ఇంటి యజమాని అప్పాజీ, సర్వరు సర్వం అనే కొద్దిపాటి సామగ్రితో ఆరేళ్లు నవ్వించిన ఈ ధారావాహికలో అమృతరావు పాత్రకు నటులు మారినా కథ చెక్కుచెదరలేదు. కల్యాణి మాలిక్ బాణీలో సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన టైటిల్ పాట దానికి అసలు లోగోగా నిలిచింది. చివర రెండు సెకన్లు మాత్రమే పేరు కనిపించే సంస్థకు ముందున్న పాటే గుర్తింపు తెచ్చిపెట్టడం గమనించదగినది. అమెరికన్ నిర్మాతలు పిల్లితోనూ కుక్కతోనూ చేసిన పనిని ఇక్కడ పాట చేసింది. జస్ట్ యెల్లో 2003లో తీసిన 'ఐతే' సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం రావడం వల్ల కూడా ఆ పేరు ధారావాహికల నిర్మాతల్లో ఎక్కువమందికి దక్కని గౌరవాన్ని పొందింది.

ఇప్పుడు ధారావాహికలు ఫోన్ల మీదికి చేరాయి. 'అమృతం' పాత భాగాలు యూట్యూబులో దొరుకుతున్నాయి; అక్కడ ప్రేక్షకుడు బొమ్మ ఆపగలడు, వెనక్కి జరపగలడు, లోరీ కార్డు చదవడానికి క్యాసెట్ అవసరమైన రోజులు పోయాయి. స్ట్రీమింగ్ యాపుల్లో దీనికి వ్యతిరేకం జరుగుతోంది. పేర్లు మొదలవగానే తర్వాతి భాగానికి అంకెల లెక్క నడుస్తుంది, చాలామంది ఆ బొత్తాం నొక్కి ముందుకు పోతారు, ముగింపు లోగో తెర మీదికి రానే రాదు. దాని బదులు యాపు సొంత గుర్తు ప్రతి భాగం ముందూ వెలిగి మోగుతుంది. 2020లో 'అమృతం' రెండో విడతను ప్రసారం చేసిన జీ5 కూడా అదే పద్ధతిలో నడుస్తుంది. అదే సంవత్సరం అల్లు అరవింద్ 'ఆహా' వేదికను తెచ్చాడు. రాజోలుకు వసిష్ఠ అవతలి గట్టున ఉన్న పాలకొల్లు నుంచి వెళ్లిన అల్లు రామలింగయ్య కుమారుడు ఆయన. గీతా ఆర్ట్స్ బ్యానరు ద్వారా 1970ల నుంచి సినిమా మొదటి రీలులో పేరు వేసుకున్న కుటుంబం వారిది. నిర్మాతే వేదికకు యజమాని అయినప్పుడు అతడి గుర్తు మళ్లీ ఆరంభానికి చేరింది. అందులో ప్రసారమయ్యే చిన్న నిర్మాతల లోగోలు మాత్రం దాని తర్వాతే కనిపిస్తాయి.