నల్లబడిపోతావే!

మొన్న నా నోటి నుంచి ఒక మాట జారింది. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి సాయంత్రం నాలుగింటికి టెన్నిస్‌కి బయల్దేరుతుంటే, "ఇంత ఎండలోనా? నల్లబడిపోతావే!" అన్నాను. అది మారుమాట్లాడకుండా బ్యాట్ మూల పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. వారమైంది, మళ్ళీ ముట్టుకోలేదు.

సరిగ్గా ఇదే మాట సానియా మీర్జా కూడా చిన్నప్పుడు పడిందండీ. ఎండలో ఆడి నల్లబడితే ఎవరు చేసుకుంటారని చుట్టుపక్కల వాళ్ళు అనేవారని తనే ఎన్నోసార్లు చెప్పింది. ఆరేళ్ళ పిల్లని వాళ్ళమ్మ నసీమా గారు తీసుకెళ్తే, మరీ చిన్నదని కోచ్ చేర్చుకోనన్నారట. తర్వాత ఆయనే కబురు చేసి, మీ అమ్మాయి ఆట వచ్చి చూడండి అన్నారట.

హైదరాబాద్ ఓపెన్ గుర్తుందా మీకు? 2003 నుంచి 2005 దాకా, మూడేళ్ళే జరిగింది మన ఊళ్ళో. డబ్ల్యూటీఏ వాళ్ళ పోటీల్లో చిన్న తరగతిది. ఆట ఆరుబయట, హార్డ్ కోర్టు మీద. అంటే గట్టి నేల, దాని మీద యాక్రిలిక్ పూత. పైన కప్పుండదు. మట్టి కోర్టులా బంతి వేగం తగ్గించదు, మోకాళ్ళ మీద కనికరమూ చూపదు.

2003లో సానియా మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. 2004లోనూ అంతే. సింగిల్స్‌లో మొదటి రౌండ్ దాటలేదు గానీ, లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. సొంత ఊళ్ళో, తెలిసిన వాళ్ళందరి ముందు రెండుసార్లు అలా ఓడిపోవడం ఎంత కష్టమో ఆడపిల్లల తల్లులకి నేను చెప్పక్కర్లేదు.

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్‌కి వెళ్ళి, సెరీనా చేతిలో ఓడింది. మరుసటి నెల మళ్ళీ హైదరాబాద్. ఫిబ్రవరి 12, శనివారం ఫైనల్. ఎదుట ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకో. మొదటి సెట్ 6-4 సానియాది, రెండోది 5-7తో పోయింది, మూడోది 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు! వయసు పద్దెనిమిది.

నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. ఆదివారం పేపర్లో ఆ ఫొటో చూసి, "నాకూ కూతురు పుడితే ఆడిస్తాను" అని మావారితో అన్నాను. నాకు గుర్తు లేదుగానీ, ఆయనకి ఉంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర అదే గుర్తు చేశారు.

ఆ పోటీ 2006లో బెంగుళూరుకి తరలిపోయింది. మనకి మళ్ళీ రాలేదు.

పొద్దున్న బ్యాట్ దులిపి దాని మంచం పక్కన పెట్టాను. పక్కనే సన్‌స్క్రీన్ ట్యూబు కూడా. అది ట్యూబు నాకు తిరిగిచ్చేసి, బ్యాట్ మాత్రం పట్టుకెళ్ళింది.