పాసుపుస్తకం వెనక లెక్కలు

మా ఆత్రేయపురంలో పూతరేకు మంచిదో కాదో చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. బ్యాంకు సంగతి అలా కాదు. భవనాన్నీ, కౌంటరు దగ్గర దొరికే మర్యాదనీ చూసి దాని సత్తా తేల్చలేం. ఆంధ్రా బ్యాంకు పుట్టి నూరేళ్లు దాటిన వేళ ఆ సత్తా గురించే రాయాలనిపించింది.

1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలి ఎన్నో కుటుంబాలు దాచుకున్న సొమ్ము పోయింది. జనం ఆ దెబ్బ మరవకముందే, 1923 నవంబరు 20న, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. 28న లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. వైద్యుడికి బ్యాంకు పని ఏమిటనుకోవద్దు, 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు స్థాపన వెనక ఉన్నదీ ఆయనే. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది.

ఆ లక్షకి ఎందుకంత విలువ? మనం వేసే డిపాజిట్ మనకి ఆస్తి, బ్యాంకుకి అప్పు. డిపాజిట్లు పెరిగాయని మురిస్తే బ్యాంకు అప్పు పెరిగిందని మురిసినట్టే. ఇచ్చిన రుణం మునిగితే ముందుగా కరగాల్సింది వాటాదారుల మూలధనం. అది పలచనైతే దెబ్బ మన దాకా వస్తుంది.

2019 మార్చి నాటికి 2,885 శాఖలున్న ఆంధ్రా బ్యాంకులో నికర మొండి బకాయిలు 5.73 శాతం. అంటే నష్టాల కోసం పక్కన పెట్టింది తీసేశాక కూడా, ప్రతి నూరు రూపాయల రుణంలో దాదాపు ఆరు రూపాయల వసూలు అనుమానమే. నికర మొండి బకాయిలు మితిమీరితే రిజర్వు బ్యాంకు విధించే ఆంక్షల గీత అప్పట్లో 6 శాతం దగ్గర మొదలయ్యేది. గీత దాటలేదు గానీ, దాని అంచునే నిలబడింది.

ఇలాంటి మాట రాగానే కొందరి వేలు రైతు వైపు లేస్తుంది. అది నాకు బాధ. మామూలు రుణంలో కట్టాల్సిన బాకీ గడువు మీద 90 రోజులు దాటితే ఆ రుణం మొండిదవుతుంది. వరి లాంటి స్వల్పకాలిక పంటరుణానికి రెండు పంటకాలాల గడువుంది, గోదావరి వరద ఒక పంటని ముంచినా రైతు తేరుకోవడానికి. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలుపెట్టాక దేశంలోని ప్రభుత్వ బ్యాంకుల పుస్తకాల్లో బయటపడ్డ గుట్టల్లో పెద్ద భాగం భారీ కంపెనీలది.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి, బ్యాంకు మునిగితే మనకి దక్కే డిపాజిట్ బీమా పరిమితి 5 లక్షల రూపాయలైంది.

ఏ బ్యాంకు వార్షిక నివేదిక చేతికొచ్చినా నేను 18వ షెడ్యూలు దగ్గర ఆగుతాను. ఏడాదిలో కొత్తగా మొండిగా మారిన రుణం ఎంత, వసూలైంది ఎంత, రైటాఫ్ చేసింది ఎంత అన్నది అక్కడే దొరుకుతుంది. లాభం అంకె ఆ తర్వాత చూస్తాను.