పాండవుల గుట్టలు

పాండవుల గుట్టలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, రేగొండ సమీపాన అడవి నడుమ ఉన్న ఇసుకరాతి కొండలు. అరణ్యవాస కాలంలో పాండవులు ఇక్కడ తలదాచుకున్నారని స్థానికుల నమ్మకం. ఎత్తులో హిమాలయాలతో పోలిక లేకున్నా, ఈ రాయి వాటికంటే ఎంతో పురాతనమైనది.

గుహాచిత్రాలు

ఇక్కడి ఆదిమానవుల చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి వంటి జంతువులు, స్వస్తికం, వృత్తాలు, ఆయుధాలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులలో కనిపిస్తాయి. చేతితో తాకినా, తడిపినా, గుహలో మంట పెట్టినా రంగు చెడిపోతుంది. పోయిన రంగు తిరిగి రాదు. పేర్లు చెక్కడం అన్నిటికంటే హీనమైన పని.

పర్వతారోహణ

ఈ గుట్టలు కొండనడకకు, తాడు సాయంతో రాతిని ఎక్కడానికి అనువైనవి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ కూడా ఇటువంటి తెలంగాణ రాతిపైననే, భువనగిరిలో జరిగింది. అయితే ఇక్కడి సాధన కాళ్ళకు, చేతులకు మాత్రమే. సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత పలుచబడే గాలికి శరీరం అలవాటు పడటం ఆ ఎత్తులోనే, నెమ్మదిగా జరగాలి. హిమాలయ యాత్ర తలపెట్టేవారు అందుకు అదనపు రోజులు కేటాయించుకోవాలి.

ప్రయాణం

జనగామ నుండి కాజీపేటకు, మహబూబాబాదు నుండి వరంగల్‌కు రైలులో వచ్చి, పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్ళే బస్సులో రేగొండ చేరవచ్చు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలం. వేసవిలో బండలు కాలిపోతాయి, వానలలో జారుతాయి. తాగునీరు వెంట తీసుకొని, అటవీ శాఖ సిబ్బందికి తెలిపి, దారి తెలిసినవారితో వెళ్ళి చీకటి పడకముందే దిగాలి.