చింతచెట్టు కింద చోటు

హైదరాబాద్‌లోని ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 1866 నుంచి ఇక్కడే సేవలందించిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి మాత్రం ఆ వరదలో కొట్టుకుపోయింది.

ఆ రోజు కొమ్మ పట్టుకున్న చెయ్యి ఎవరిదని ఎవరూ అడిగి ఉండరు. మన దవాఖాన తొలి ధర్మం అదే: వచ్చినవాళ్లకు చోటివ్వడం. 1925లో పూర్తయిన భవనానికి నూరేళ్లు నిండిన ఈ వేళ ఆ ధర్మాన్ని తలచుకుంటూనే, దానికి తోడుండాల్సిన మరో ధర్మం గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. అది మనిషిని గమనించడం. చోటు అందరికీ దక్కితే న్యాయం. గమనింపు అందరికీ దక్కితే మంచి వైద్యం. ఈ రెండింటినీ కలిపి నిలబెట్టుకోవడమే మన చరిత్ర పొడుగునా ఉన్న కష్టం.

గమనించడం అనే పాఠం ఇక్కడ చాలా ముందే మొదలైంది. 1846లో ఏర్పడిన హైదరాబాద్ వైద్య పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం మత్తుపై పరిశోధనలు చేయించాడు. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్, 1889లో రెండోది జరిగాయి. రెండోదానికి నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా, ఇంగ్లండు నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. మత్తిచ్చే వైద్యుడు రోగి శ్వాస మీదనుంచి దృష్టి మరల్చకూడదని లారీ పట్టుబట్టాడు. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదన్న ఆయన నమ్మకం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. కానీ మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న మాట ఈనాటికీ ప్రతి ఆపరేషన్ గదిలో చెల్లుతోంది.

అదే కాలంలో చోటు గురించిన మరో చిక్కుముడి కూడా విడిపోవడం మొదలైంది. పరదా చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించలేని రోజులవి. తలుపు తెరిచి ఉన్నా వాళ్లకు అది మూసి ఉన్నట్టే. 1885లో వైద్య పాఠశాలలో చేరిన యువతుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. క్లోరోఫాం ప్రయోగాల్లో పాలుపంచుకుని, మత్తు వైద్యంలో చెయ్యి తిరిగి, 1909లో పైచదువులకు ఎడిన్‌బరో వెళ్లారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. వైద్యం చేసేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి కూడా వైద్యం ఎవరికి అందుతుందో తేలుతుందని ఆమె జీవితం మనకు చెబుతుంది.

వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో, అవతలి ఒడ్డున హైకోర్టుకు ఎదురుగా, గుమ్మటాల ఈ దవాఖాన లేచింది.

నేను ఇక్కడ హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పటి ఒక ఉదయం మరిచిపోలేను. పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు షుగరు అదుపులోకి వచ్చింది. డిశ్చార్జి చీటీ రాయడానికి కూర్చున్నాను. వార్డు సిస్టర్ రెండు కాగితపు కవర్లు తీసుకుని ఒకదాని మీద సూర్యుణ్ని, రెండోదాని మీద చందమామను గీసింది. ఆయనకు చదువు రాదు. "ఇప్పుడు నువ్వు చెప్పు పెద్దయ్యా, ఏ గోలి ఎప్పుడు ఏసుకుంటవ్?" అని అడిగింది. "సూర్యుడున్నది పొద్దుగాల, చందమామది రాత్రి" అన్నాడు. "రాత్రి బువ్వ తింటవ్ గదా?" అంది సిస్టర్. ఆయన కాసేపు ఊరుకుని, "పని దొరికిన నాడు తింట బిడ్డా" అన్నాడు.

నా కలం ఆగిపోయింది. ఉత్త కడుపున షుగరు గోలీ పడితే రాత్రికి రాత్రే మనిషి స్పృహ తప్పవచ్చు. మా పెద్ద డాక్టరుగారిని పిలిచి, మందు మార్పించి, చందమామ కవరు పక్కన పెట్టేశాం. పరీక్షల్లో ఎక్కడా కనిపించని పేదరికం ఒక్క ప్రశ్నతో బయటపడింది. న్యాయమైన వైద్యం, నాణ్యమైన వైద్యం వేరు కావని ఆ సిస్టర్ దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ప్రశ్న అడగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇవాళ పెద్ద సర్కారు దవాఖానలన్నిటిలో కరువైంది ఆ రెండు నిమిషాలే. మన దగ్గర పడకలు వెయ్యికి పైగా ఉన్నాయి. హైదరాబాదు బస్తీలతో పాటు జిల్లాల నుంచీ, బీదర్, రాయచూరు వైపు నుంచీ రోగులు వస్తారు. తెలుగు, దక్కనీ, కన్నడం, మరాఠీ ఒకే ఓపీ వరుసలో వినిపిస్తాయి. వరుస పెరిగిన కొద్దీ ఒక్కొక్కరికి దొరికే సమయం తరుగుతుంది. ఇక తమ జబ్బు సరిగ్గా చెప్పుకోలేనివాళ్లే అందరికన్నా ముందు నష్టపోతారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదవాడికి పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి తెచ్చింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానలు వచ్చాయి. ఇవన్నీ మేలు చేసినవే. అయినా బీపీ, షుగరు, ఫిట్స్ వంటి జబ్బులకు ఏళ్ల తరబడి మందు కావాలి. అలాంటి రోగికి చీటీ ఉచితమైనా బస్సు చార్జీ, తోడొచ్చినవాళ్లు పోగొట్టుకున్న కూలి ఉచితం కావు. 2022లో ఇక్కడ తోడొచ్చినవాళ్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టడం వెనుక ఉన్నది ఆ గుర్తింపే. రోగి ఇంటికి దగ్గర్లోనే నమ్మకంగా మందు దొరికిన రోజున ఇక్కడి వరుస తగ్గుతుంది, ఇక్కడి డాక్టరుకు ఆ రెండు నిమిషాలు మళ్లీ చిక్కుతాయి.

2020 జూలై వానలకు పాత భవనంలోని వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి. రోగులను పక్క భవనాలకు మార్చి దానికి తాళం వేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో ఈ దవాఖాన కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. మరిన్ని పడకలు, కొత్త యంత్రాలు రావాలి, వస్తాయి. పాత గుమ్మటాలనూ కాపాడుకోవాలి.

చింతచెట్టును అక్కడికి తీసుకెళ్లలేం. సూర్యుడు, చందమామ గీసిన ఆ కాగితపు కవర్లను తీసుకెళ్లగలం. కొత్త వార్డులో ప్రతి రోగినీ ఇంటికి పంపే ముందు "రాత్రి బువ్వ తింటవ్ గదా?" అని అడిగేందుకు ఒక సిస్టర్, ఆమెకు రెండు నిమిషాల తీరిక ఉండేలా చూడాలి. రెండో నూరేళ్లకు ఈ దవాఖాన బిడ్డగా నేను కోరుకునేది అదే.